రెండు చేతుల పనిముట్టు

రొయ్యల గుంటల మీదుగా వచ్చే గాలికి వంటింటి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. రెబెక్కమ్మ పెనం మీద దోసె తిరగేసి, రెక్కకు ఒక చెక్కముక్క అడ్డం పెట్టి వచ్చింది. ఇంటి ముందు పంచలో ఆమె కూతురు కెజియా పుట్టీ బ్లేడ్లు ముందేసుకుని, నిన్నటి నుంచి వాటికి అంటుకుని గట్టిపడిన పుట్టీని గీకుతోంది. పక్కనే కుర్చీలో తండ్రి దావీదు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. రెండో గుండీ దగ్గర అతడి వేళ్లు చాలాసేపు తడబడ్డాయి. కెజియా చూసి కూడా చూడనట్టు తల వంచుకుంది.

"నాయనా, ఈపొద్దు పని అయినాక నెల్లూరు పోయొద్దామా?" అంది మెల్లగా.

"దేనికి?"

"జాయింట్లకి టేపు పనిముట్లు చూద్దామని. కొత్తవి వచ్చుండాయి. కర్రకి చిన్న పెట్టె ఉంటాది. దాంట్లో పుట్టీ నింపుకుని జాయింటు మీద తోసుకుంటా పోతే సమానంగా పడతాది. ఇదో, చూడు."

కెజియా చాపిన ఫోను వైపు దావీదు తిరగనైనా లేదు. "అయ్యన్నీ పెద్దపెద్ద హాళ్లు చేసేవోళ్లకి. మనం చేసేది ఒక గది, కాదంటే రెండు గదులు. మనకెందుకు?"

"చిన్న పనులకి చిన్న సైజు కూడా ఉంది నాయనా. అందుకే దుకాణానికి పోయి చూసి..."

"చేతులు లేనోళ్లకి అయ్యి!" దావీదు గొంతు పెరిగింది. "నాకు నా బ్లేడు చాలు. ఇంక ఆ మాట ఎత్తబాక."

రెబెక్కమ్మ టీ గ్లాసు తెచ్చి భర్త చేతికిచ్చింది. గ్లాసులో టీ సగానికే ఉంది. కొన్ని నెలలుగా ఆమె అంతే పోస్తోంది. అతడు అడగలేదు, ఆమె చెప్పలేదు.

దావీదు మొదట్లో సిమెంటు పూత పని చేసేవాడు. చెన్నైలో జిప్సం బోర్డు పని నేర్చుకుని వచ్చాక అదే జీవనమైంది. ఇంట్లో గదిని రెండు చేసే అడ్డగోడ, దుకాణానికి సీలింగు, చిన్న ప్రార్థన మందిరానికి వేదిక వెనుక గోడ, ఇలాంటి పనులు. బోర్డుకీ బోర్డుకీ మధ్య సందు మీద కాగితం టేపు అంటించి, పైన పొరలు పొరలుగా పుట్టీ లాగి, అక్కడ అతుకుందన్న గుర్తే లేకుండా చేయడంలో ఇందుకూరుపేట నుంచి అల్లూరు దాకా దావీదు మేస్త్రీకి పేరుంది. కెజియా శ్రీసిటీలో సెల్‌ఫోన్ల కంపెనీలో ఉద్యోగం చేసేది. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు, మనిషి దొరక్క తండ్రి ఇబ్బంది పడుతుంటే బోర్డు పట్టుకోవడానికి వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ కంపెనీకి పోలేదు. ఆ సంగతి రెబెక్కమ్మకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఏసీ గదిలో కూర్చుని చేసే పని వదిలి, నిచ్చెనెక్కి తలంతా తెల్లగా చేసుకుని వచ్చే కూతురిని చూసినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి అనకుండా ఉండదు.

దోసెలు తినక ముందే దావీదు ఫోను మోగింది. మైపాడు రోడ్డులో ఇల్లున్న వనజాక్షి.

"మేస్త్రీ, ఉన్నపళాన రా. నా గోడ చూసిపో," అని పెట్టేసింది.

వనజాక్షి రొయ్యల మేత వ్యాపారం చేస్తుంది. భర్త పోయాక ఆ వ్యాపారాన్ని ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. బీచికి వచ్చేవాళ్లకు అద్దెకివ్వాలని మేడ మీది హాలును రెండు గదులుగా చేయిస్తోంది. అది నచ్చితే కింది భాగం కూడా దావీదుకే ఇస్తానంది. సీలింగు పని మొత్తం కెజియా చేసింది. అడ్డగోడ మీద చివరి పూత మాత్రం దావీదు వేశాడు. ఆ రోజు సామాను కోసం కెజియా నెల్లూరు వెళ్లింది. తిరిగొచ్చేసరికే పెయింటరు గోడకు రంగు కంటే ముందు వేసే ప్రైమరు కొట్టేసి ఉన్నాడు.

తండ్రీ కూతుళ్లు మేడ మీదికి వెళ్లేసరికి వనజాక్షి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. తూర్పు కిటికీలోంచి ఎండ గోడ వెంబడి వాలుగా పడుతోంది. ఆ వెలుగులో అతుకులన్నీ బయటపడ్డాయి. ప్రతి అతుకు మీదా కెరటాలు కెరటాలుగా గట్లు లేచి, గోడ అలలు తేలిన ఇసుకలా కనిపిస్తోంది.

"చూసినావా మేస్త్రీ? మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియలా. పొద్దున లేచి చూద్దును గదా, ఇదీ అందం! దుడ్డు పెట్టి అద్దెకొచ్చేవోడు ఈ గోడ చూసి నిలబడతాడా? ఎవరు చేసినారు ఇది?"

కెజియా తండ్రి వైపు చూసింది. దావీదు గోడ వైపే చూస్తున్నాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"పిల్ల చేసిందమ్మా. ఇంకా చెయ్యి కుదరలా."

కెజియాకు ఒక్క క్షణం ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలోకి రక్తం ఎగదన్నింది. నోరు తెరవబోయి, తండ్రి మెడ మీద కారుతున్న చెమటను చూసి మూసుకుంది.

"నేర్చుకోవాలంటే మీ ఇంట్లో నేర్పించుకో. నా గోడ మీద దేనికి?" అంది వనజాక్షి. "ఇంక ఈ పిల్ల నా ఇంట్లో బ్లేడు పట్టేదానికి లేదు. నువ్వే వచ్చి సరిచెయ్యి. లేకుంటే కింద గదులకి వేరే వోళ్లని చూసుకుంటా."

"అట్టాగే అమ్మా," అన్నాడు దావీదు.

తిరిగొచ్చేటప్పుడు బండి కెజియా నడిపింది. ఇంటి ముందు బండి ఆపి, తాళం తీయకుండానే అడిగేసింది.

"ఎందుకు నాయనా అట్టా చెప్పినావు?"

దావీదు బండి దిగి లోపలికి నడిచాడు. కెజియా వెంటే వెళ్లింది. అలికిడికి రెబెక్కమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏమైంది?"

"ఏమీ కాలా," అన్నాడు దావీదు. "కెజియా, నువ్వు మళ్లీ కంపెనీకి పో. మీ అమ్మ మొదటి నుంచీ చెప్తానే ఉంది. ఈ పని నీది కాదు. నేనొక్కణ్ణే చేసుకుంటా."

రెబెక్కమ్మ ఎప్పటినుంచో వినాలని కోరుకున్న మాట అది. అయినా కూతురి ముఖం చూసి ఆమెకు సంతోషం కలగలేదు.

"ఈ పని నాది కాదా?" అంది కెజియా. "ఆ సీలింగు ఎవరు చేసినారు? దాంట్లో ఒక్క గీత చూపించు. నీ గోడని నా మీద పెట్టి, ఇప్పుడు నన్నే పొమ్మంటావా? నాలుగు ఊళ్లలో చెప్పుకుంటారు, దావీదు మేస్త్రీ కూతురికి పని రాదని!"

"నోరు మూసుకో."

"మూసుకునే గదా వచ్చినా అక్కడ! నీ చెయ్యి వణకతా ఉంది నాయనా. ఎండాకాలం నుంచీ వణకతా ఉంది. నాకు తెలుసు. నువ్వు టీ తాగేదానికి దిగినప్పుడల్లా నీ గోడని ఉప్పుకాగితంతో రుద్ది సరి చేసింది నేను. ఆపొద్దు నేను లేను, అందుకే బయటపడింది!"

దావీదు కుర్చీలో కూలబడ్డాడు.

"నా వెనకాల రుద్దినావా?"

"నాయనా..."

"అల్లూరులో టైలరు కొట్టు గోడ? అందరూ మెచ్చుకున్నారే, అది?"

కెజియా తలూపింది.

"అంటే, అది కూడా నా పని కాదు." గొంతులో కోపం కూడా లేదు. "ఇంటికొచ్చి నేను గొప్పగా చెప్పుకుంటా ఉంటే, నువ్వు కూర్చుని విన్నావు."

రెబెక్కమ్మ భర్త దగ్గరికి వచ్చింది. "ఏమయ్యా, ఒక మాట అడుగుతా. అబద్ధం చెప్పబాక. ప్రభువు బల్ల ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకి నువ్వు దేనికి గుళ్లోంచి ముందే లేచి పోతా ఉండావు?"

దావీదు తల దించుకున్నాడు.

"ఏదో తప్పు చేసినావనుకున్నా. నాతో చెప్పలేని తప్పు. ఎవరినీ అడగలేక, రోజూ మోకాళ్ల మీద నీ కోసమే ఏడ్చుకుంటా ఉండా. చెయ్యి వణకడం చూస్తా కూడా ఇది నాకు తట్టలా. ఇదా సంగతి?"

"ఆ చిన్న గ్లాసు నా చేతిలో నిలబడదు రెబెక్కా," అన్నాడు దావీదు. "పాస్టరు ముందర, అందరి ముందర రసం చొక్కా మీద పోసుకోమంటావా?"

ఆమె చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని బయటికి నడిచాడు. ఆ రాత్రి ఎప్పటికో వచ్చి, అన్నం కూడా తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు కెజియా నెల్లూరు బయల్దేరుతుంటే రెబెక్కమ్మ చీర మార్చుకుని వచ్చి బండెక్కి కూర్చుంది.

"నువ్వెందుకమ్మా?"

"నేను కూడా చూస్తా. ఏం కొంటావో."

స్టోన్‌హౌస్‌పేటలో ఆ దుకాణం నిండా పనిముట్లే. దుకాణదారు మంచి మాటకారి. జిప్సం పని అనగానే అద్దాల బీరువాలోంచి పొడుగాటి గొట్టంలాంటి మిషను తీశాడు. టేపు, పుట్టీ రెండూ ఒకేసారి వేసేస్తుందనీ, చెన్నైలో అందరూ ఇదే వాడుతున్నారనీ చెప్పుకుపోయాడు. కెజియా దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"ఇది వద్దన్నా. రోజంతా ఒకే పెద్ద హాల్లో చేసేవోళ్లకి బాగుంటాది. మేం ఒక గది చేసి ఇంకో ఊరు పోతాం. దీన్ని కడగడానికే సగం పొద్దు పోతాది. కడక్కుండా వదిలితే లోపల పుట్టీ గట్టిపడి చస్తాది. టేపు మేం చేత్తోనే అంటిస్తాం. పైన పూతకి బాక్సు చూపించు. చిన్నది."

అతడు రెండు మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెడల్పాటి మూతి, అడుగున చిన్న చక్రాలు, వెనుక కర్ర బిగించుకునే మర. కెజియా ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. పెద్దది నిండితే బరువు. మరీ చిన్నది అతుకును పూర్తిగా కప్పదు. మధ్య సైజుది దుకాణం గోడకు ఆనించి తోసి చూస్తుండగా, అంతవరకూ మాట్లాడకుండా నిలబడ్డ రెబెక్కమ్మ ముందుకొచ్చింది.

"ఇటియ్యి."

కర్రను రెండు చేతులతో పట్టుకుంది. కావాలనే చేతులు గడగడా వణికిస్తూ బాక్సును గోడ మీద నడిపింది. దుకాణదారు విచిత్రంగా చూశాడు. ఆమె పట్టించుకోలేదు. చేతులు ఊగుతున్నా చక్రాలు గోడను వదల్లేదు. ఊపు కర్రలోనే ఆగిపోయింది.

"పొట్టి కర్ర అయితే ఎట్టుంటాది?" అని అడిగింది.

అతడు కర్ర మార్చి ఇచ్చాడు. మళ్లీ నడిపి చూసింది. "ఇదే బాగుంది. మీ నాయన పొట్టకి ఆనించుకుని తోయొచ్చు."

కెజియా తల్లినే చూస్తూ నిలబడిపోయింది. ఆ పనిముట్టును తను ఎవరి కోసం వెతుకుతోందో తల్లికి ముందే తెలుసు.

"అమ్మా, నన్ను కంపెనీకి పొమ్మనలేదే?"

"రాత్రంతా ఆలోచన చేసినా," అంది రెబెక్కమ్మ. "నువ్వు పోతే ఆయన వెనకాల రుద్దేది ఎవరు? కానీ కెజియా, ఇంకెప్పుడూ చాటుగా రుద్దబాక. మనిషికి తెలిసేటట్టు చెయ్యి. తెలిస్తే బాధపడతాడు, నిజమే. తెలియకపోతే ఆ బాధ ఎప్పుడో ఒకనాడు అంతా ఒకేసారి మీద పడతాది. నిన్న చూసినావు గదా."

బాక్సుతో పాటు అంచులు సరిచేయడానికి ఒక వెడల్పాటి బ్లేడు, మూలలకు ఒక చిన్న బ్లేడు తీసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి దావీదు లేడు. సామాను సంచీ కూడా లేదు. ఎక్కడికి వెళ్లి ఉంటాడో ఇద్దరికీ తెలుసు. రెబెక్కమ్మ గిన్నెలో అన్నం సర్దింది.

వనజాక్షి ఇంటి మేడ మెట్లెక్కుతుంటేనే బ్లేడు గీకుతున్న చప్పుడు వినిపించింది. లోపల నేలంతా పుట్టీ ముద్దలు పడి ఉన్నాయి. దావీదు అడ్డగోడ ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో బిగించి పట్టుకుని ఒక అతుకు మీద బ్లేడు లాగుతున్నాడు. బ్లేడు సగం దూరం సాఫీగా వచ్చి, ఆ తర్వాత టకటకా ఎగిరింది. గోడ మీద మళ్లీ అదే అల.

భార్య మొదటిసారి తన పని దగ్గరికి రావడం చూసి తెల్లబోయాడు.

"నువ్వెందుకు వచ్చినావు?"

"తినకుండా వస్తివి గదా," అంది రెబెక్కమ్మ, గిన్నె కింద పెడుతూ.

దావీదు బ్లేడు వదిలేసి గోడ కింద చతికిలబడ్డాడు. "పొద్దున్నుంచీ ఈ ఒక్క అతుకు, కెజియా. లాగితే అల లేస్తాది. గీకేసి మళ్లీ లాగతా. మళ్లీ అల." కూతురి వైపు చూసిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా పని అయిపోయినట్టేనా?"

కాదని చెప్తే అబద్ధం. అవునని చెప్పడానికి నోరు రాలేదు. కెజియా పొట్లం విప్పి, బాక్సుకు కర్ర బిగించి, పుట్టీ నింపింది. ఒక అతుకు మీద తను నడిపి చూపించింది. తర్వాత తండ్రి ముందు పెట్టింది.

"చేతులు లేనోళ్లకని అన్నావు నిన్న. కాదు నాయనా. దీనికి రెండు చేతులూ కావాల. ఒళ్లు కూడా ఆనించాల."

దావీదు దాన్ని ముట్టుకోలేదు. రెబెక్కమ్మ అతడి చంక కింద చెయ్యి వేసి లేపింది. మొదటి తోపు వంకరపోయింది. పుట్టీ ఒకచోట ముద్దగా, ఒకచోట అసలే లేకుండా పడింది. బాక్సును విసిరేస్తాడేమోనని కెజియా భయపడింది.

"పుట్టీ ఇంత గట్టిగా కలిపితే ఎట్టా వస్తాది?" అని కసిరాడు దావీదు. "ఆ బక్కెట్టు ఇటియ్యి."

నీళ్లు పోసి, కర్రతో కలిపి, బ్లేడు మీదికి తీసుకుని జారుడు చూసి, ఇంకొంచెం పోసి మళ్లీ నింపాడు. ఈసారి కర్రను పొట్టకు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి తోశాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. గోడ మీద మాత్రం తెల్లటి పట్టీ తిన్నగా సాగిపోయింది. చివరిదాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. అంచుల వెంట రెండు సన్నని గీతలు మిగిలాయి.

"ఆ గీతలు?" అన్నాడు.

"అయ్యి నేను లాగతా. మూలలు కూడా నేనే. నీ ముందరే లాగతా నాయనా."

"ఊఁ. లాగు." ఆమె బ్లేడు పట్టిన తీరు చూశాడు. "బ్లేడు వాలు తగ్గించు. అంచు మీద పెట్టు బరువు."

ఇద్దరూ సగం గోడ ముగించేసరికి వనజాక్షి మెట్లెక్కి వచ్చింది. కెజియా చేతిలో బ్లేడు చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఏంది మేస్త్రీ, మళ్లీ పిల్లనే పెట్టినావా? నేనేం చెప్పినా నీకు?"

కెజియా బ్లేడు దించేసింది. దావీదు బాక్సును జాగ్రత్తగా గోడకు ఆనించి, ఆమె ముందుకు వచ్చి కుడిచెయ్యి చాపాడు. ఈసారి దాన్ని దాచలేదు, పట్టుకోలేదు. ఆ చెయ్యి అందరి ముందూ వణుకుతూ ఉంది.

"చూడండమ్మా. ఇదీ నా చెయ్యి. ఈ గోడ చెడగొట్టింది నేను. పైన సీలింగు మొత్తం నా బిడ్డ చేసింది. నిన్న మీ ముందర అబద్ధం చెప్పినా. నా తప్పు తెచ్చి నా బిడ్డ నెత్తిన పెట్టినా."

రెబెక్కమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వనజాక్షి తలెత్తి సీలింగును చాలాసేపు చూసింది. తర్వాత దావీదు చేతిని చూసింది.

"చెయ్యి బాగలేకుంటే బాగలేదని చెప్పాల గదా మేస్త్రీ. పని పోతే మళ్లీ చేసుకోవచ్చు. ఆడపిల్లకి పేరు పోతే?"

"తప్పేనమ్మా."

"సరే. గోడ ఆరి, ప్రైమరు కొట్టినాక, పొద్దున ఎండలో చూస్తా. అప్పుడు మాట్లాడదాం," అని ఆమె దిగిపోయింది.

గోడ ఆరేలోపు రెబెక్కమ్మ భర్తను నెల్లూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదనీ, మాత్రలతో అదుపులో ఉంటుందనీ, చేయగలిగినంత పని మానకుండా చేసుకోమనీ డాక్టరు చెప్పాడు. తిరుగు బస్సులో భార్య తన చెయ్యి పట్టుకుంటే ఈసారి దావీదు విడిపించుకోలేదు.

ప్రైమరు ఆరిన మర్నాటి పొద్దున నలుగురూ మేడ మీద నిలబడ్డారు. ఎండ గోడ వెంబడి వాలుగా పడింది. వనజాక్షి ఒక కొస నుంచి ఇంకో కొసదాకా నడిచింది. వంగి చూసింది. అరచేత్తో రాసి చూసింది. గోడ మీద వెలుగు తప్ప ఏమీ లేదు.

వనజాక్షి చేతికంటిన తెల్లపొడి దులుపుకుంది. "బాగుంది. కింద గదులు ఎప్పుడు మొదలుపెడతావు మేస్త్రీ?"

దావీదు కూతురి వైపు తిరిగాడు.

"నన్ను అడగబాకండమ్మా," అన్నాడు. "మేస్త్రీ అక్కడుంది. ఆమెని అడగండి. ఆమె రమ్మన్న రోజు నేను పనికొస్తా."

వనజాక్షి జవాబు కోసం ఎదురు చూస్తోంది. వచ్చే సోమవారం మొదలుపెడతామని చెబుదామనుకుంది కెజియా. అది అనకుండానే గోడ వైపు తిరిగి, ఏదో గీత సరిచూస్తున్నట్టు దాని మీద అరచెయ్యి ఆనించి, నిశ్శబ్దంగా ఏడ్చింది.